ఎవరండీ మాట్లాడేది? కాలర్ ఐడీ వెనక కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక మాట గురించి. మన ఇళ్లలో దాదాపు కనుమరుగైపోయిన మాట అది. "హలో, ఎవరండీ మాట్లాడేది?" మీలో ఇరవై ఏళ్ల లోపు వాళ్లు ఎంతమంది ఈ మాట నిజంగా తెలీక అడిగి ఉంటారు? ఆ అవసరమే రాలేదు కదా. ఎవరో స్క్రీన్ మీదే కనబడుతుంది. పేరు రాకపోతే ఎత్తం. తర్వాత ఆ నంబర్‌ని ట్రూకాలర్‌లో కొట్టి చూస్తాం.

ఇప్పుడు ఇంకో అడుగు పడింది. యాప్ ఏదీ లేకపోయినా, ఫోన్ చేసినవాళ్ల పేరు నెట్‌వర్కే చూపించే ఏర్పాటు వస్తోంది. సీనాప్ అంటున్నారు. కాలింగ్ నేమ్ ప్రెజెంటేషన్. సిమ్ తీసుకున్నప్పుడు ఫారంలో ఏ పేరు ఉందో ఆ పేరే అవతలివాళ్లకి కనబడుతుంది. "బ్రో, ఇది మంచిదేనా?" అని చాలామంది అడిగారు. "మంచిదే, కానీ..." అనేసి వదిలేయొచ్చు. అయితే ఆ "కానీ" వెనక వందేళ్లు దాటిన కథ ఉంది. అది తెలిస్తే తప్ప ఇందులో మనం ఏం పోగొట్టుకుంటున్నామో, ఏం దొరుకుతోందో అర్థం కాదు.

మొదట్లో ఫోన్‌కి డయలే లేదు. రిసీవర్ ఎత్తితే ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ పలికేవారు. ఫలానావాళ్లకి కలపండి అంటే వైరు తీసి గుచ్చి కలిపేవారు. అంటే ఎవరు ఎవరికి, ఎన్నింటికి, ఎంతసేపు మాట్లాడారో ఆ మధ్యలో ఉన్న మనిషికి అంతా తెలుసు. కావాలంటే వినొచ్చు కూడా. మన దగ్గర దూరం ఊళ్లకి ట్రంక్ కాల్ బుక్ చేసుకుని కూర్చునే పద్ధతి 1980ల్లో కూడా ఉంది. ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని రకాలు. తొందర ఎక్కువైతే రేటు ఎక్కువ. పీపీ కాల్ అని ఇంకోటి ఉండేది. ఫలానా మనిషి లైన్లోకి వస్తేనే కలిపేవారు. శుభలేఖల మీద, విజిటింగ్ కార్డుల మీద నంబర్ పక్కన పీపీ అని రాసి ఉండేది చూశారా? ఆ ఫోన్ మాది కాదు, పక్కింటివాళ్లది, పిలిస్తే వస్తాం అని దానర్థం.

మా మోపిదేవిలాంటి ఊళ్లలో వీధికి ఒక ఫోన్ ఉంటే గొప్ప. హైదరాబాద్ నుంచి ఫోనొచ్చిందంటే ఆ ఇంటి పిల్లాడు పరిగెత్తుకుంటూ వచ్చి వీధి వినేటట్టు అరిచి చెప్పేవాడు. ఆ రోజుల్లో ఫోన్ అనేది రహస్యమేం కాదు. చేసేది ఎవరో అందరికీ తెలుసు.

మరి ఎవరో తెలీకుండా ఫోన్ చేసే వీలు ఎలా వచ్చింది? దాని వెనక ఒక తమాషా కథ చెప్తారు. అమెరికాలో కాన్సస్ సిటీ అనే ఊళ్లో ఆల్మన్ స్ట్రౌజర్ అనే ఆయన అంత్యక్రియల వ్యాపారం చేసేవాడు. ఆ ఊరి ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటర్ ఆయన పోటీదారుడి భార్య అట. స్ట్రౌజర్‌కి కలపమని అడిగిన కాల్స్ కూడా మొగుడి కొట్టుకే కలిపేసేదట. ఆయనకి ఒళ్లుమండి, మధ్యలో మనిషే లేకుండా కాల్ కలిపే యంత్రం కనిపెట్టాడు. కథ ఎంత నిజమో పక్కన పెడితే పేటెంట్ మాత్రం నిజం, 1891 మార్చిలో వచ్చింది. మన దేశంతో సహా చాలా దేశాల్లో టెలిఫోన్లు దశాబ్దాల తరబడి స్ట్రౌజర్ ఎక్స్ఛేంజీల మీద నడిచాయి.

ఇక్కడ ఒక పాయింట్ పట్టుకోండి. ఆపరేటర్ పోయాక, చేసేది ఎవరో చెప్పే మనిషి కూడా పోయాడు. ఫోన్ మోగుతుంది, అంతే. ఎత్తి "ఎవరండీ?" అని అడిగితే తప్ప తెలీదు. అనామకంగా ఫోన్ చేసే వీలు మనకి ఎవరూ హక్కుగా ఇవ్వలేదు. మిషన్‌కి ఆ సమాచారం చెప్పే నోరు లేదు కాబట్టి పుట్టింది. ఒక లిమిటేషన్ తాలూకు సైడ్ ఎఫెక్ట్ అన్నమాట.

ఆ సైడ్ ఎఫెక్ట్‌కి రెండు మొహాలు ఉన్నాయి. ఎస్టీడీ బూత్ గుర్తు చేసుకోండి. పసుపు బోర్డు, అద్దాల గది, ఎర్ర అంకెలు గిర్రున తిరిగే మీటరు. బూత్‌లోంచి చేస్తే ఆ నంబర్ బూత్‌ది, నీది కాదు. అత్తారింట్లో కష్టంలో ఉన్న అమ్మాయి పుట్టింటికి ఫోన్ చేసుకోవాలన్నా, ప్రేమించినవాళ్లు మాట్లాడుకోవాలన్నా, ఆఫీసులో లంచం గురించి పేపరువాళ్లకి చెప్పాలన్నా అదే దారి. రెండో మొహం బ్లాంక్ కాల్స్. ఇంట్లో ఆడపిల్ల ఉందని తెలిస్తే చాలు, ఎవడో ఒకడు చేసి ఊపిరి పీల్చుకుంటూ పెట్టేసేవాడు, లేదా బూతులు మాట్లాడేవాడు. పట్టుకుందామంటే స్ట్రౌజర్ ఎక్స్ఛేంజ్‌లో కాల్ నడుస్తుండగానే సిబ్బంది ఒక్కో స్విచ్ వెంట వెనక్కి వెతుక్కుంటూ పోవాలి. వాడు పెట్టేస్తే ఆనవాలు పోయినట్టే. నంబర్ కనబడితే బాగుండునని మన అమ్మల తరం ఎందుకు కోరుకుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ కోరిక తీర్చే పని 1960ల చివర్లో మొదలైంది. థియోడోర్ పరాస్కెవాకోస్ అనే గ్రీకు ఇంజనీర్, కజువో హషిమోతో అనే జపాన్ ఇన్వెంటర్, వీళ్లిద్దరి పేర్లు ఈ పేటెంట్ల దగ్గర ఎక్కువగా వినబడతాయి. జనం ఇళ్లకి సర్వీసుగా వచ్చింది మాత్రం 1980ల చివర్లో, అమెరికాలోని న్యూజెర్సీలో. రావడం రావడమే పెద్ద గొడవైంది.

గొడవ ఎందుకు? నంబర్ కనబడితే ఫోన్ ఎత్తేవాడికి లాభం, చేసేవాడికి నష్టం. మొగుడి దెబ్బలు తప్పించుకుని ఆశ్రయంలో దాక్కున్న ఆడమనిషి పిల్లల కోసం ఇంటికి ఫోన్ చేస్తే, ఆ నంబర్ పట్టుకుని మొగుడు వచ్చేస్తే? గృహహింస బాధితుల తరఫున పనిచేసే సంఘాలు అడిగిన ప్రశ్న ఇది. ఇంకోవైపు టెలిఫోన్ కంపెనీలు ఇంటి గుమ్మం పోలిక తెచ్చాయి. తలుపు కొట్టినవాడు ఎవరో చూసుకునే హక్కు ఇంటివాళ్లకి లేదా అని. రెండూ న్యాయంగానే ఉన్నాయి చూడండి. పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఇది కోర్టుకి పోయింది. 1990లో కింది కోర్టు, 1992లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఇలా నంబర్ చూపించడం ఆ రాష్ట్ర వైర్‌ట్యాప్ చట్టానికి విరుద్ధం అన్నాయి. ఊహించండి, కాలర్ ఐడీ చట్టవిరుద్ధం!

చివరికి రాజీ కుదిరింది. కాల్ చేసేముందు స్టార్ 67 నొక్కితే ఆ ఒక్క కాల్‌కి నంబర్ కనబడదు, దానికి డబ్బులు తీసుకోకూడదు. దాచిన నంబర్ వస్తే ఎత్తాలా వద్దా అనేది అవతలివాడి ఇష్టం. చేసేవాడికి ఒక బటన్, ఎత్తేవాడికి ఒక బటన్. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో కాస్త తెలివైన పరిష్కారం ఇదొక్కటే.

ఒక్క నిమిషం ఇంజనీర్ టోపీ పెట్టుకుంటాను, భరించండి. నంబర్ దాచినా అది నెట్‌వర్క్‌లో పోతూనే ఉంటుంది. కాల్ మెసేజ్‌లో నంబర్ పక్కనే రెండు బిట్లు ఉంటాయి. సున్నా సున్నా అంటే చూపించు, సున్నా ఒకటి అంటే చూపించకు. చివరి ఎక్స్ఛేంజ్ ఆ బిట్లు చూసి, నంబర్ తన దగ్గరున్నా మన ఫోన్‌కి ఇవ్వదు. అంటే మీ ప్రైవసీ అనేది రెండు బిట్లతో చేసుకున్న ఒక మర్యాద ఒప్పందం. పోలీసులకి కావాలంటే నంబర్ ఎప్పుడూ దొరుకుతుంది.

సరే, ఇండియాకి వద్దాం. మన దగ్గర ఇంత గొడవ ఎందుకు జరగలేదు? నాకు తట్టిన సమాధానం: డబ్బులు.

1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు, ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌కి మొదటి మొబైల్ కాల్ చేశారు. అప్పట్లో నిమిషానికి 16 రూపాయల దాకా చార్జీ. ఫోన్ వచ్చినా డబ్బులే. ఇన్‌కమింగ్‌కి కూడా బిల్లు పడుతున్నప్పుడు నంబర్ చూడకుండా ఎవడు ఎత్తుతాడు? నంబర్ కనబడటం మనకి పర్సు కాపాడే సంగతైంది, ప్రైవసీ మాటే రాలేదు. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఫ్రీ అయింది. అప్పుడు మనవాళ్లు కనిపెట్టారు అసలైన ఆవిష్కరణ. మిస్డ్ కాల్!

మీరెప్పుడైనా ఆలోచించారా, కాలర్ ఐడీ లేకపోతే మిస్డ్ కాలే లేదు. ఎత్తకుండానే, పైసా ఖర్చు లేకుండా, "నేను" అని చెప్పడం అది. బందరులో బస్సెక్కి ఒకటి, చల్లపల్లి దాటాక ఇంకోటి. అన్నం పెట్టేయమని రెండు. అక్క కాలేజీ నుంచి బయల్దేరిందని ఒకటి. మా ఇంట్లో దీనికి డిక్షనరీ ఉండేది. ఎత్తితే తిట్లు! దీన్నే వ్యాపారం చేసినవాళ్లూ ఉన్నారు. బెంగళూరులో 2010లో మొదలైన జిప్‌డయల్ అనే కంపెనీ, ఫలానా నంబర్‌కి మిస్డ్ కాల్ ఇస్తే కంపెనీలు మీకు తిరిగి మెసేజ్ పంపే పద్ధతి నడిపింది. 2015లో ట్విట్టర్ దాన్ని కొనేసింది. సబ్బు ఆఫర్ కోసం, క్రికెట్ స్కోరు కోసం, ఉద్యమానికి మద్దతు కోసం, మన నంబర్‌ని మనమే చేతికిచ్చాం. అమెరికాలో నంబర్ చూపించకుండా ఆపమని కోర్టుకెళ్లారు. మనం నంబర్ చూపించడాన్నే ఒక భాష చేసుకున్నాం. తప్పని అనట్లేదు, అది లేనివాళ్ల తెలివి. కాకపోతే అమెరికాలో జరిగిన వాదన మన దగ్గర జరగకుండానే తర్వాతి దశ వచ్చేసింది.

తర్వాతి దశ నంబర్ కాదు, పేరు. 2009లో స్టాక్‌హోమ్‌లో అలాన్ మమేది, నామి జరింగాలం అనే ఇద్దరు కుర్రాళ్లు ట్రూకాలర్ మొదలుపెట్టారు. స్వీడన్ కంపెనీ, కానీ వాడేవాళ్లలో ఎక్కువమంది మన దేశంలోనే. ఎందుకో చెప్పక్కర్లేదు. లోన్ కావాలా, ప్లాట్ కావాలా, కేవైసీ ఆగిపోయింది, మీ పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి. 2024 ఒక్క ఏడాదిలో సైబర్ మోసాల్లో జనం పోగొట్టుకున్నది 22 వేల కోట్ల రూపాయల పైనే అని కేంద్రం పార్లమెంటుకి చెప్పింది. ఎర్రగా స్పామ్ అని వచ్చినందుకు ఎత్తకుండా బతికిపోయినవాళ్లు మన చుట్టూ ఉన్నారు. ఆ మేలు కాదనలేం.

కానీ ఈ పేర్లు ఎక్కడివి? ఇలాంటి యాప్‌లకి పేరు వచ్చే దారుల్లో ఒకటి, వాడేవాళ్ల ఫోన్‌బుక్. ఇంకోటి, ఈ నంబర్ ఫలానావాళ్లది అని యూజర్లు సూచించడం. గూగుల్ ప్లే, యాపిల్ స్టోర్ల నుంచి దించుకున్న యాప్‌లో కాంటాక్ట్ లిస్టు తీసుకుని అందరూ వెతుక్కునేలా పెట్టబోమని ట్రూకాలర్ చెబుతోంది. ఆ మాట అలాగే ఉంచుదాం. నా పాయింట్ వేరు. పాత గొడవలో ఇద్దరే ఉన్నారు. చేసేవాడు, ఎత్తేవాడు. ఇందులో మూడో మనిషి వచ్చాడు. అతను ఎవరికీ ఫోన్ చేయలేదు, ఏ యాప్ వేసుకోలేదు, ఎక్కడా "అలౌ" నొక్కలేదు. అతని నంబర్ సేవ్ చేసుకున్నవాడెవడో నొక్కాడు. పర్మిషన్ ఇచ్చింది ఒకడు, పేరు పోయింది ఇంకొకడిది.

మనం పేర్లు ఎలా సేవ్ చేసుకుంటామో తెలుసు కదా. రొయ్యల సీడ్ ఫలానా, వడ్డీ ఫలానా, కోడూరు ఫలానా, పక్కన కులం తోక. లేదంటే "ఎత్తొద్దు". ఇవి మన ఫోన్‌లో ఉన్నంతవరకు మన గుర్తులు. బయటికి వస్తే అవతలి మనిషి బోర్డు అయిపోతాయి. పైగా యాప్‌లో మీరు ఫోన్ చేయక్కర్లేదు కూడా. ఊరికే మీ నంబర్ కొట్టినా పేరు వస్తుంది. బస్ పాస్ ఫారంలోనో, జిరాక్స్ షాపు కాగితం మీదో నంబర్ చూసినవాడు చాలు.

"పేరులో దాచేదేముంది అన్నా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. మా ఊరి సుబ్రహ్మణ్యేశ్వర స్వామి గుళ్లో అర్చనకి నిలబడితే పేరు, గోత్రం, నక్షత్రం అన్నీ మనమే పైకి చెప్తాం. పక్కవాళ్లు వింటారు, ఫర్వాలేదు. అదే సమాచారం బయట చెప్పులు చూసే కుర్రాడు నా మొహం చూడగానే చదివేస్తే? ప్రైవసీ అంటే దాచిపెట్టడం కాదు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు చెప్పాలో నేను అనుకోవడం.

దీని గురించి దేశంలో అందరికంటే ముందు గట్టిగా రాసినవాళ్లలో మనవాడు ఉన్నాడు. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు. 1962లో ఖరక్‌సింగ్ కేసు. యూపీలో ఒక మనిషి మీద నేరం రుజువు కాలేదు, అయినా పోలీసులు హిస్టరీ షీట్ తెరిచి అర్ధరాత్రుళ్లు వచ్చి తలుపు కొట్టేవాళ్లు. అలా రాత్రుళ్లు రావడం చెల్లదన్నారు గానీ, ప్రైవసీ అనే హక్కు మన రాజ్యాంగంలో లేదు అన్నారు మెజారిటీ జడ్జిలు. అది వ్యక్తి స్వేచ్ఛలో భాగమే అని సుబ్బారావు గారు విడిగా రాశారు. అప్పటికి అది ఓడిపోయిన అభిప్రాయం. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జిలు ఏకగ్రీవంగా ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారు. 55 ఏళ్లు పట్టింది! ఆ తర్వాత 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది, దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకి ఇంకో 18 నెలల గడువు ఇచ్చారు. అందులో ఒక మినహాయింపు ఉంది. వ్యక్తిగా మన సొంత అవసరానికి పెట్టుకున్న సమాచారానికి ఆ చట్టం వర్తించదు. మీ ఫోన్‌బుక్ మీ ఇష్టం. అక్కడినుంచి అది ఒక కంపెనీ డైరెక్టరీలోకి దాటినప్పుడే తేల్చాల్సిన ప్రశ్న మొదలవుతుంది.

ఇక సీనాప్. 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ దీన్ని సిఫార్సు చేసింది, కావాలని అడిగినవాళ్లకే ఇవ్వండి అని. టెలికాం శాఖ, అందరికీ డిఫాల్ట్‌గా ఉండాలి అంది. 2025 అక్టోబర్‌లో ట్రాయ్ ఒప్పుకుంది. యాప్‌తో పోలిస్తే ఇందులో రెండు నిజమైన మేళ్లు ఉన్నాయి. పేరు పక్కింటివాడు పెట్టింది కాదు, కాగితం మీదున్నది. రెండు, మీరు ఫోన్ చేస్తేనే అవతలివాళ్లకి కనబడుతుంది, నంబర్ కొట్టి వెతికేది కాదు.

ఇప్పుడు మన ఇళ్లకి రండి. విజయవాడ హాస్టల్‌లో ఉన్న అమ్మాయి సిమ్ ఎవరి పేరు మీద ఉంది? నాన్న పేరు. అమ్మ సిమ్? అది కూడా నాన్నదే, లేదా అన్నయ్యది. అమ్మ ఫోన్ చేస్తే నాన్న పేరు పడుతుంది. సొంత పేరున సిమ్ ఉన్న అమ్మాయికి ఇంకో చిక్కు. ఆటో అతనికో, ఫుడ్ డెలివరీకో, ఓఎల్ఎక్స్‌లో సైకిల్ అమ్మేవాడికో ఒక్క కాల్ చేస్తే పూర్తి పేరు అతని స్క్రీన్ మీద. ఆ పేరుతో ఇన్‌స్టాలో వెతకడానికి పది సెకన్లు.

ఇంకోటి చెప్పాలి, మనం పైకి మాట్లాడనిది. ఇంటిపేరు. మన తెలుగువాళ్లకి ఇంటిపేరు అంటే చాలాసార్లు కులం. గుడివాడలోనో బెజవాడలోనో రూమ్ కోసం ఫోన్ చేస్తే ఓనర్ రెండో ప్రశ్నగా అడిగేది అదే, "ఇంటిపేరేంటి బాబూ?" కనీసం ఇప్పటిదాకా ఆ ప్రశ్న ఆయన నోటితో అడగాలి. నువ్వు చెప్పాలా, మాట దాటేయాలా అనుకోవచ్చు. రేపు ఫోన్ మోగేటప్పుడే ఇంటిపేరు కనబడితే ఆయన అసలు ఎత్తడు. రూమ్ ఎందుకు దొరకలేదో నీకెప్పటికీ తెలీదు.

దీనికి మందు ఉందా అంటే, ట్రాయ్ కాగితంలోనే ఉంది. బల్క్, బిజినెస్ కనెక్షన్లు ఉన్న సంస్థలు ఫారంలో పేరు బదులు తమకి నచ్చిన ట్రేడ్ పేరు చూపించుకోవచ్చు అని 2024లో సిఫార్సు చేశారు. కంపెనీకి నచ్చిన పేరు ఉండొచ్చట, మనిషికి ఉండకూడదా? ఇంటిపేరు లేకుండా పేరు ఒక్కటే చూపించే ఆప్షన్ ఇవ్వడానికి సాఫ్ట్‌వేర్‌లో ఎంత పని ఉంటుందో నాకు తెలుసు. పెద్ద పని కాదు. ఇక నంబర్ దాచే సదుపాయం, అదే ఆ రెండు బిట్లు, మన దగ్గర స్టార్ 67 నొక్కి తెచ్చుకునేది కాదు. ప్రధానంగా నిఘా సంస్థలవాళ్లకి, ప్రముఖులకి, వెరిఫికేషన్ చేసి ఇస్తారు. వాళ్ల పేర్లు సీనాప్‌లో కూడా రావు. అవసరం ఉన్నవాళ్లకి ఇవ్వడం సరే, ఆశ్రయంలో దాక్కున్న ఆడమనిషి ఆ లైన్లో ఎక్కడ నిలబడాలి?

మరి మోసగాళ్లు ఆగుతారా? కొంత. వేరేవాళ్ల పేరు మీద సిమ్ తీసేవాడికి ఆ అమాయకుడి పేరే పడుతుంది, చూసి మనం ఇంకా నమ్ముతాం. నంబర్ కూడా అబద్ధం ఆడగలదు. విదేశాల నుంచి వస్తూ ఇండియా నంబర్‌లా కనబడే దొంగ కాల్స్‌ని పట్టే సిస్టమ్ 2024 అక్టోబర్‌లో పెట్టారు. మొదటి 24 గంటల్లో పట్టినవే 1.35 కోట్లు. సీనాప్ ముందు 4జీ, 5జీ ఫోన్లకే. నాగాయలంకలో బటన్ ఫోన్ వాడే తాతయ్యకి ఆ పేరు రాదు. మోసగాళ్లు ముందు వెతికేది ఆయన్నే.

ఈలోగా మీరు చేయగలిగినవి రెండున్నాయి. సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి. మీవి కానివి ఉంటే అక్కడే రిపోర్ట్ కొట్టండి. ట్రూకాలర్ వాడనివాళ్లు కూడా వాళ్ల వెబ్‌సైట్‌లో అన్‌లిస్ట్ పేజీకి వెళ్లి నంబర్ తీయించుకోవచ్చు. అకౌంట్ ఉంటే ముందు దాన్ని డీయాక్టివేట్ చేయాలి. అమ్మ సిమ్ అమ్మ పేరు మీదకి మార్చాలంటే మాత్రం ఆవిడ్ని, ఆధార్ కార్డుని తీసుకుని స్టోర్‌కి వెళ్లండి. నాన్న "ఇప్పుడెందుకురా అదంతా" అంటారు, అన్నా వెళ్లండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను.